సరుగుడు కొమ్మ నుంచి కుండీలో మొక్క దాకా

ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఫర్ చెట్టు పెరగదు. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నా, డిసెంబరు తెల్లవారుజాములు వణికించినా, ఆ చెట్టుకు కావలసిన మంచు ఇక్కడ లేదు. అయినా మదనపల్లె, పుంగనూరు, కుప్పం క్రైస్తవుల ఇళ్ళలో క్రిస్మస్ చెట్టు నిలబడుతోంది. ఏ చెట్టు నిలబెట్టాలన్న ప్రశ్నకు ఒక్కో తరం ఒక్కో జవాబు చెప్పుకుంది.

ఈ ఆచారం మనం అనుకునేంత పాతది కాదు. స్ట్రాస్‌బర్గ్‌లో ఇళ్ళలో చెట్లు నిలిపి కాగితపు గులాబీలు, ఆపిల్ పళ్ళు వేలాడదీసేవారని 1605 నాటి రాత ఒకటి ఉంది. అది జర్మన్ ప్రొటెస్టెంట్ల ఇంటి అలవాటు. కేథలిక్కులకు పశువుల పాకే ముఖ్యం. వాటికన్ చౌకులో చెట్టు నిలిచింది 1982లోనే. విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ 1848లో లండన్ పత్రికలో వచ్చింది. దాన్నే కొద్దిగా మార్చి 1850లో అమెరికా పత్రిక ఒకటి అచ్చు వేసింది. అక్కడి మధ్యతరగతి ఇళ్ళలోకి చెట్టు విరివిగా రావడం ఆ తరవాతి మాట.

మన కథకు ఆ 1850 ముఖ్యం. అమెరికన్ మిషనరీలైన స్కడర్ సోదరులు 1853లో ఆర్కాటు మిషన్ నెలకొల్పారు. ఆ మిషన్ తరఫున డాక్టర్ జేకబ్ చేంబర్లేన్ 1863లో మదనపల్లెలో కాపురం పెట్టారు. వైద్యం చేస్తూ, ఊరూరా తిరుగుతూ, తెలుగు బైబిలు సవరణలో పాలుపంచుకుంటూ 1908లో కన్నుమూసేదాకా ఈ నేలతో సంబంధం వదులుకోలేదు. ఆయన ఓడ ఎక్కేనాటికి అమెరికాలోనే చెట్టు కొత్త వాడుక. కాబట్టి క్రిస్మస్ చెట్టును క్రైస్తవంతోపాటు దిగుమతైన సనాతన ఆచారంగా చూడటం సరికాదు. తరవాత ఇక్కడ సేవ చేసిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ డెన్మార్క్ దేశస్థుడు. ఆయన ఆధ్వర్యంలో 1912లో మొదలైన క్షయ చికిత్సాలయమే 1915లో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరానికి మారింది. ఆయన దేశంలో మాత్రం క్రిస్మస్ ముందురాత్రి ఇంటిల్లిపాదీ చేతులు పట్టుకుని చెట్టు చుట్టూ తిరుగుతూ పాడతారు.

చెట్టు మాట కుప్పం చేరడానికి మిషనరీలు కాక ఇంకో దారి ఉంది. పక్కనే కోలారు బంగారు గనులు. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ నడిపిన ఆ ఊళ్ళో కార్నిష్ గని పనివాళ్ళు, ఆంగ్లో ఇండియన్లు క్రిస్మస్ ఘనంగా చేసేవారు. చిత్తూరు జిల్లా నుంచి పనికి వెళ్ళిన తెలుగువాళ్ళు ఆ పండగలు కళ్ళారా చూశారు.

మన ఇళ్ళకు వెదురు బద్దల నక్షత్రమే ముందు వచ్చింది. చెట్టు కావాలంటే సరుగుడు కొమ్మే. దీన్నే కొందరు చవుకు అంటారు. ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాల ఈ చెట్టును పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు చుట్టుపక్కల రైలింజన్లకు కట్టెల కోసం తోటలుగా పెంచారు. చూడటానికి పైన్‌లా ఉన్నా దాని జాతి వేరు. కొమ్మను తడి ఇసుక బకెట్లో గుచ్చితే కొన్ని రోజులు పచ్చగా ఉంటుంది, తరవాత పొయ్యిలోకి పోతుంది. కొనడానికి చవక, వృథా లేదు. ఆ తరం ఎంపిక నాకు ఇప్పటికీ గౌరవనీయంగానే కనిపిస్తుంది. తరవాత వచ్చిన ప్లాస్టిక్ చెట్టు మడిచి అటక మీద పెట్టుకోవడానికి వీలే కానీ, పిల్లలు నీళ్ళు పోయవలసిన పని అందులో లేదు. నాకు అదే పెద్ద లోటు.

ఇప్పుడు నర్సరీల్లో క్రిస్మస్ ట్రీ పేరుతో అమ్మేది అరకేరియా. అందులో ఎక్కువగా దొరికేవి న్యూ కాలెడోనియా నుంచి వచ్చిన కుక్ పైన్, నార్‌ఫోక్ దీవి పైన్. కుక్ పైన్‌కు ఒక విచిత్ర గుణం ఉంది: ఎక్కడ పెరిగినా భూమధ్యరేఖ వైపు ఒరుగుతుందని 2017లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అంటే మన దగ్గర దక్షిణానికి ఒరుగుతుందన్నమాట.

కొనేటప్పుడు మొదట నడిమి మొగ్గ చూడాలి. అది ఒకటే ఉండి నిటారుగా సాగాలి. పక్క కొమ్మ నాటి పెంచిన మొక్క ఎన్నేళ్ళయినా పక్కకే పాకుతుంది, గోపురంలా లేవదు. అందుకే విత్తనం నుంచి వచ్చిన మొక్కనే అడగండి. కింది కొమ్మలు ఎండి రాలిపోయిన మొక్కను తీసుకోవద్దు, అవి మళ్ళీ రావు. తల కత్తిరిస్తే ఆకారం చెడిపోతుంది. దీపాలు వెలిగే పది రోజులూ కిటికీ పక్కన ఉంచి, పండగయ్యాక మెల్లగా ఎండకు అలవాటు చేయాలి.

మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్‌కు వెళ్ళినవాళ్ళు అక్కడి చెట్ల కొమ్మ విరిచి తెచ్చుకోవద్దని నా మనవి. ఇంకొక మాట కూడా: అరకేరియా సొంత దీవిలో 60 మీటర్ల దాకా పెరుగుతుంది. రెండు సెంట్ల స్థలంలో, కరెంటు తీగల కింద నాటకండి. కుండీలో ఇమడనంత ఎదిగాక చర్చి ఆవరణకో బడికో ఇవ్వండి. నాటేరోజు పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి.