పొడుగు మనిషి, పొట్టి కేబిన్

పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని మనవాళ్లు ఊరికే అనలేదురా మనవడా. నేను ఐదడుగుల నాలుగంగుళాల వాణ్ణి. ఈ దేశంలో ఇన్నేళ్లుగా ఎన్ని బళ్లెక్కి దిగానో లెక్కలేదు గానీ, ఒక్కదాంట్లోనూ నా మోకాలు దేనికీ తగల్లేదు. నువ్వేమో ఆరడుగుల నాలుగంగుళాలు పెరిగావు. పెరిగినవాడివి ఊరుకోకుండా, ఏరి కోరి 1966 నాటి ఫోర్డ్ ఎఫ్-100 పికప్పు కొనుక్కొచ్చావు. ఇప్పుడేమో "తాతయ్యా, మోకాళ్లు స్టీరింగుకి తగుల్తున్నాయి, తల పైకప్పుకి తగుల్తోంది" అని నా ముందు కూర్చున్నావు. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలనేది మా అమ్మ. నువ్వు మంచాన్నే పొడుగు చేద్దామంటున్నావు. సరే, చేద్దాం. ఆ కట్టె కాస్త లోపలికి తోసి, కుర్చీ ఇటు లాక్కో. మిషిగన్ చలిలో ఆ బండి వసంతం దాకా ఎలాగూ షెడ్డు దాటదు. తొందరేముంది?

ముందు ఆ కేబిను ఎవరికోసం కట్టారో తెలుసుకో. 1971లో నేనిక్కడ దిగినప్పుడు జేబులో ఉన్నవి 8 డాలర్లు. పిసినారితనం కాదు, రిజర్వు బ్యాంకు అంతకంటే ఇచ్చేది కాదు. డాలరు రూ.7.50 ఉన్న రోజులవి. ఆ ఎనిమిదింట్లో మూడు మొదటి రోజే ట్యాక్సీవాడు పట్టుకుపోయాడు, అది వేరే కథ. డెట్రాయిట్ దగ్గర కార్ల కంపెనీలకు సీట్లు చేసిచ్చే చోట ఉద్యోగం దొరికింది. అక్కడ సీట్లో కూర్చోబెట్టి కొలతలు తీయడానికి ఒక బొమ్మ ఉండేది. పేరు ఆస్కార్. తలా చేతులూ లేవు. వీపు, తుంటి, కాళ్లు, అంతే. ఇనప బరువులు ఒక్కొక్కటే తగిలిస్తే ఓ మోస్తరు మగవాడి బరువుకి, 76 కిలోల దాకా వచ్చేవాడు. వాడి తుంటి ఎక్కడ దిగితే అక్కణ్ణుంచే పెడల్ ఎంత దూరం, స్టీరింగు ఎంత ఎత్తు, పైకప్పు ఎంత పైన అన్నీ లెక్కకట్టేవాళ్లం. అందులో ఓ తమాషా ఉందిరా. ఆస్కార్ కాళ్లు సాగుతాయి. వందమంది మగవాళ్లలో 95 మందికి సరిపడా కాలు దాకా లాగొచ్చు. వీపు మాత్రం సాగదు, అది సగటు మగవాడి వీపే. మిగిలిన ఐదుగురి సంగతేమిటని నేనడిగితే మా సూపర్‌వైజరు నవ్వి, "వాళ్లు బస్సెక్కుతారు" అన్నాడు. నువ్వు ఆ ఐదుగురిలో వాడివి, పైగా కాళ్లతో పాటు నడుమూ పొడుగే. నీ బాధకు లెక్కల్లోనే చోటు లేదు.

ఆ బొమ్మ వచ్చిన రోజుల్లో కూడా పికప్పంటే సుఖానికి కాదు, పనికి. పొలంవాడు గడ్డీ దాణా వేసుకునే బండి. 1948లో ఫోర్డ్ కొత్త లారీలు దించి, 'మిలియన్ డాలర్ కేబిన్' అని ఊరంతా చాటింది. పది లక్షల డాలర్లు పోసి కేబిను బాగుచేశామని గొప్ప. 1953లో కంపెనీకి యాభయ్యేళ్లు నిండినప్పుడు ఎఫ్-100 అని కొత్త పేరు పెట్టి, డ్రైవరు కోసమే కట్టిన కేబిను ఇదని మళ్లీ చాటింది. చాటింపులెన్నయినా, ఆ రోజుల్లో హీటరూ రేడియో అదనపు డబ్బుకే. సీటంటే అటు తలుపు నుంచి ఇటు తలుపు దాకా ఒకటే బెంచీ. దాని మీద ముగ్గురు. పెళ్లి కావలసిన పిల్లయితే అటు తలుపు వదిలేసి మధ్యకి జరిగి కూర్చునేది, దాన్నిబట్టి ఊళ్లో సంగతి తెలిసిపోయేది. నీ బండి కొత్తలో 2,000 డాలర్లకు అటూ ఇటూ. నువ్వు ఎంతకి కొన్నావో చెప్పకు, ఈ వయసులో నా గుండె తట్టుకోలేదు.

మన బెజవాడలో ఈ గొడవే లేదు తెలుసా. ఫ్యాక్టరీ నుంచి లారీ అంటే ఇంజనూ చాసీసూ వచ్చేవి. కేబిను వడ్రంగి కట్టేవాడు, చెక్కతో. డ్రైవరు పొడుగువాడయితే అక్కడే ఓ పీట మీద కూర్చునేవాడు. మేస్త్రి చెవిలో పెన్సిలు తీసి, తల మీద నాలుగు వేళ్లు వదిలి గీత గీసేవాడు. ఆ గీతే పైకప్పు. ఇక్కడ ఇన్ని లక్షల బళ్లకి ఒకే రేకు అచ్చు. సరే, బెజవాడ నుంచి డెట్రాయిట్‌కి వచ్చేద్దాం.

మా పక్కింటి పెద్దాయన అచ్చం నీ ఎత్తు. టూల్‌రూములో పనిచేసి రిటైరయ్యాడు. వెయ్యో వంతు అంగుళం తేడా వస్తే అన్నం సహించేది కాదు ఆయనకి. ఆయనదీ నీ బండికి అన్నలాంటిదే, 1965 మోడలు. పెట్రోలు గ్యాలను 40 సెంట్ల లోపు ఉన్నన్నాళ్లూ ఆ బండి వారానికోసారి తీసి, ఎదురొచ్చిన ప్రతివాడికీ స్టీరింగు మీంచి రెండు వేళ్లెత్తి పలకరిస్తూ తిరిగేవాడు. 1973 చివర్లో అరబ్బులు చమురు ఆపారు. పెట్రోలు బంకుల ముందు బారులు. 1974 నుంచి ఎక్కడికెళ్లినా గంటకు 55 మైళ్లు దాటకూడదని చట్టం. ఆ నెమ్మదిలో, గంట ప్రయాణం గంటకి పైనే అయ్యాక, ఆయనకి మోకాళ్ల నొప్పి తెలిసొచ్చింది. బండిని మార్చాలని పట్టుపట్టాడు.

మొదట ఏం చేశాడనుకున్నావ్? సీట్లో దూదీ స్ప్రింగులూ పీకేసి ప్లైవుడ్డు పలక వేసుకున్నాడు. తలకి మూడంగుళాలు జాగా వచ్చింది. ఆ ఆనందం ఆదివారం చర్చి దాకా నిలిచింది. తిరిగొచ్చేటప్పుడు రోడ్డు గుంటల్లో నడుం పట్టేసి, దిగడానికి ఇద్దరు మనుషులు కావలసొచ్చారు. తరవాత పాత సామాన్ల యార్డుకి పోయి ఏదో కారు బకెట్ సీటు పట్టుకొచ్చాడు. అది తన స్టాండుతో సహా పాతదానికంటే ఎత్తు, టోపీ పెట్టుకుంటే తల పట్టదు. అదీ పోయింది. అప్పుడు సీటు కింది ఇనప స్టాండు విప్పేసి, దానికంటే పొట్టిది వెల్డింగు చేసి బెంచీని దించాడు. తల బాగానే దిగింది గానీ మోకాళ్లు పైకి లేచి స్టీరింగుని పట్టుకున్నాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదేరా. సీటు ఎంత దిగితే కాలికి ముందువైపు అంత జాగా కావాలి. ఆస్కారుతో రోజూ కుస్తీ పడేవాణ్ణి, నాకు తెలుసు. గోడ మీంచి చెప్పాను కూడా. అడగందే చెప్పేవాడు లోకువ కదా, విన్లేదు.

నిజమైన అడ్డం ఎక్కడుందో చెప్తాను విను. నీ బండిలో సీటు వెనక ఏముంది? చెయ్యి పెట్టి చూశావా? పెట్రోలు ట్యాంకు. కేబిన్లోనే, నీ వీపుని ఆనుకుని, దాదాపు 18 గ్యాలన్లు. నిండితే వంద పౌండ్ల పైమాట బరువు. మలుపు తిరిగినప్పుడల్లా వెనక గలగలమని చప్పుడు, ఎండాకాలం అయితే వాసన. ఆ రోజుల్లో అందరూ అంతే, షెవర్లే కూడా. బండి కింద ఉంటే రాళ్లు తగుల్తాయి, కేబిన్లో భద్రంగా ఉంటుందని వాళ్ల ఆలోచన. 1973 మోడళ్లలో గానీ ఈ రెండు కంపెనీలూ ట్యాంకుని కేబిను బయటికి పంపలేదు. పంపిన మరుక్షణం సీటు వెనక అంత జాగా. ఆ ఏడే డాడ్జివాళ్లు క్లబ్ క్యాబని కేబిన్నే వెనక్కి సాగదీశారు, మరుసటేడు ఫోర్డ్ సూపర్‌క్యాబ్ వచ్చింది. పాతబండి ఉన్నవాళ్లందరికీ అప్పుడు కళ్లు తెరుచుకున్నాయి.

పెద్దాయన కూడా చివరికి అదే చేశాడు. తుక్కులో పోతున్న మస్టాంగు కారు ట్యాంకు తెచ్చి, వెనక తొట్టి కింద, చాసీసు పట్టాల మధ్య బిగించాడు. ఈ పనికి నువ్వు మాత్రం తెలిసినవాణ్ణి పెట్టుకో. పెట్రోలు తీసేశాక ఖాళీ ట్యాంకు కదా అని పక్కనే వెల్డింగు పెట్టేవాళ్లుంటారు. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం, లోపల ఉండేది ఆవిరి. బ్యాటరీ వైరు ముందే ఊడదియ్యాలి. పైపు కొత్తది వెయ్యాలి, పెట్రోలు ఎంతుందో ముల్లుకి చెప్పే తీగ మార్చాలి. ఇదంతా చేస్తే బెంచీ వెనక్కి నాలుగంగుళాలైనా వస్తుంది, వీపు కాస్త వాలుతుంది కూడా. ఇంతకాలం సీటు అంత నిటారుగా ఉంది ఆ ట్యాంకు వల్లే.

అయితే అక్కడికి పోకముందు గోరుతో పోయేదానికి గొడ్డలి పెట్టకు. రేపు పొద్దున్నే పానా పట్టుకుని సీటు ముందు బోల్టుల కింద అంగుళం మందాన చెక్కముక్క గానీ వాషర్లు గానీ పెట్టి చూడు. సీటు ముందు అంచు లేస్తే తొడకి ఆనిక దొరుకుతుంది. పొడుగువాళ్లకి సగం నొప్పి తొడ గాల్లో తేలడం వల్లే వస్తుంది, మోకాలు తగిలినందుకు కాదు. మందం మరీ పెంచకు, మోకాళ్లు మళ్లీ స్టీరింగు దాకా లేస్తాయి. తరవాత కుంగిపోయిన స్ప్రింగులు చూడు. పైన గోనెపట్టా చిరిగి, దూది గుంటపడి ఉంటుంది. గట్టి ఫోము పల్చగా వేయిస్తే ఎత్తు తగ్గుతుంది, నడుమూ నిలుస్తుంది. ప్లైవుడ్డు జోలికి పోకు.

స్టీరింగు సంగతి వేరు. అంత పెద్ద చక్రం ఎందుకు పెట్టారనుకుంటున్నావ్? పవరు స్టీరింగు లేని బళ్లవి, ఆ వెడల్పే తిప్పేవాడి బలం. చిన్న చక్రం వేస్తే తొడలకి జాగా వస్తుంది గానీ, ఆగి ఉన్న బండిని తిప్పాలంటే భుజాలు ఊడతాయి. పెద్దాయన వేశాడు. ఆయన భుజాలు ఆయనవి. కానీ ఆ బండి వాళ్లావిడ కూడా నడిపేది.

ఇంక అసలు కథ ఇక్కడుంది. ఆవిడ నా ఎత్తే. బెంచీ ఒకటే కదా, జరిగితే ఇద్దరికీ జరుగుతుంది. ఆయన వెనక్కి జరుపుకుంటే ఆవిడ కాలికి క్లచ్చి అందదు. ఆవిడ ముందుకి జరిపిన రోజు ఆయన మోకాళ్లు గడ్డానికి. దానికి తోడు ఈ చిన్న చక్రం. ఓ రోజు కిరాణా కొట్టు ముందు బండి పెట్టలేక, రోడ్డుకి అడ్డంగా వదిలేసి, తాళాలు చేతిలో తిప్పుకుంటూ ఇంటికి నడిచొచ్చింది ఆవిడ. ఆ సాయంత్రం గోడవతల ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, వినిపించింది. మర్నాడు పాత చక్రం మళ్లీ ఎక్కింది. ఆవిడ మిషను మీద దళసరి దిండొకటి కుట్టుకుంది, ఆరంగుళాల మందం, వెనక పెట్టుకోవడానికి. దిండు పెట్టుకుంటే క్లచ్చి అందుతుంది, తీసేస్తే ఆయన సీటు. ఇంజనీర్లం మాకు తట్టలేదు. నీకు పెళ్లయ్యాక మీ ఆవిడ ఎత్తు చూసుకుని, ఇప్పటి వ్యాన్లలో వచ్చే విడి విడి సీట్లు వేసుకోవచ్చు. అవి ఎత్తు తక్కువ, తల ఆనేందుకు పైన దిండూ ఉంటుంది. ఆ తల దిండు మాత్రం తప్పనిసరి. సీటు వెనక్కి పోయేకొద్దీ నీ తల వెనక అద్దం దగ్గరవుతుంది. ఎవడైనా వెనక గుద్దితే ముందు తగిలేది నీ తలే. ఇలాంటి చిన్న లారీలకి తల దిండు తప్పదనే ప్రభుత్వ నియమం అమల్లోకి వచ్చింది 1991లో మాత్రమే. ఇంకొకటి, వెనక్కి జరిగినకొద్దీ తలుపు కమ్మీ నీ భుజం పక్కకొస్తుంది, పక్కన వచ్చేవాడు కనపడడు. అద్దాలు పెద్దవి పెట్టించుకో.

పెద్దాయన ఇంత చేసినా విప్పిన వస్తువొక్కటి పారేయలేదు. పాత స్టాండు, పాత ట్యాంకు, బోల్టులతో సహా ఒక్కోదానికీ చీటీ కట్టి గోడకి వేలాడదీశాడు. ఆయన కళ్లు మందగించాక బండి అమ్మేస్తే, కొన్నవాడు ఐదడుగుల ఐదంగుళాలు. ఎక్కి కూర్చుంటే ముందు అద్దంలోంచి ఆకాశం తప్ప రోడ్డు కనిపించలేదట. స్టాండు ఎక్కడుందని వచ్చి అడిగాడు. గోడ మీంచి తీసిచ్చారు. దిండు కూడా ఇమ్మన్నాడు. అది బండితో రాదు, కావాలంటే ఐదు డాలర్లు అంది ఆవిడ.