చెర, విడుదల: నల్లగొండకు మొలోచ్నా నుండి వచ్చిన మాట

నల్లగొండ, పాలమూరు సీమల క్రైస్తవ సంఘాల పుట్టుక ప్రస్తావనకు వస్తే మనవారు అమెరికా దొరలనే తలుస్తారు. నల్లగొండ విషయంలో అది సగం నిజం. 1889లో ఈ దేశానికి వచ్చి, మరుసటి ఏట నల్లగొండలో మిషను కేంద్రాన్ని నెలకొల్పిన ఆబ్రహాం ఫ్రీసెన్ దంపతులు రష్యా చక్రవర్తి ప్రజలు. నేటి ఉక్రెయిన్ దక్షిణ భాగంలో, మొలోచ్నా నది పరిసరాలలో జర్మను మాట్లాడే రైతుల పల్లెలు ఉండేవి. ఆ పల్లెలవారే వీరిని పంపారు. వ్యవస్థ అమెరికన్ బాప్టిస్టు మిషనుది, ధనంలో పెద్ద పాలు ఆ గోధుమ రైతులది. ఆ రైతులను మెన్నోనైట్లంటారు. వీరిలో 1860లో విడివడిన శాఖయే మెన్నోనైట్ బ్రెదరన్, అంటే మన పాలమూరువారు ‘ఎం.బి. సంఘం’ అని పిలుచుకొనేది.

వీరి చరిత్ర చెరసాలల చరిత్ర. పదునారవ శతాబ్దంలో, ఊహ తెలిసిన వయస్సులోనే బాప్తిస్మం పొందాలనీ, కత్తి పట్టరాదనీ పట్టుబట్టినందుకు ఐరోపా ప్రభుత్వాలు వీరి పూర్వులను ఖైదులో వేశాయి, నీట ముంచాయి, కాల్చాయి. వారిలో డిర్క్ విల్లెమ్స్ అనే డచ్చివాని కథ చదువరులకు చెప్పకుండా ముందుకు పోలేను. అతడు గుడ్డపేలికలు ముడివేసి త్రాడు చేసుకొని చెరనుండి దిగి తప్పించుకొన్నాడు. పలుచని మంచుగడ్డ మీదుగా నీటిని దాటాడు. వెంబడించిన కావలివాడు మంచు విరిగి నీళ్లలో పడ్డాడు. డిర్క్ వెనుదిరిగి వచ్చి వానిని ఒడ్డుకు లాగాడు, మళ్లీ పట్టుబడ్డాడు. 1569 మే నెలలో ఆస్పెరెన్ అనే ఊరిలో అతణ్ణి కాల్చివేశారు. చేతికి వచ్చిన విడుదలను చేతులారా వదలుకొన్న ఆ మనిషిని ఆ సంఘంవారు నాలుగున్నర శతాబ్దాలుగా స్మరించుకొంటున్నారు.

మరి వారు చదివే గ్రంథం చెరలోని వారికి విడుదలను వాగ్దానం చేయలేదా? చేసింది. యెషయా ప్రవచనంలో ఆ మాట ఉంది. లూకా సువార్త నాలుగవ అధ్యాయంలో యేసు నజరేతు సమాజమందిరంలో ఆ భాగాన్నే చదివి, అది నేడు నెరవేరిందంటాడు. ఇక మూడు అధ్యాయాలు తిరగవేయండి. బాప్తిస్మమిచ్చే యోహాను హేరోదు చెరలో ఉన్నాడు. రాబోయేవాడవు నీవేనా, మరొకరి కొరకు ఎదురుచూడాలా అని శిష్యులచేత అడిగిస్తాడు. జవాబులో గుడ్డివారున్నారు, కుంటివారున్నారు, కుష్ఠరోగులు, చెవిటివారు, చనిపోయి లేచినవారు, సువార్త వింటున్న బీదలు, అందరూ ఉన్నారు. నజరేతులో చదివిన జాబితాలోని చెరవారు మాత్రం లేరు. ఆ మాట కోసమే చెవులు రిక్కించుకొని ఉన్న ఖైదీకి ఆ ఒక్క మాటే అందలేదు. తరువాత యోహాను తల నరికించారు. లూకా దీనికి వ్యాఖ్యానం చెప్పడు. పురాణ పాఠం చెప్పడంలో ముప్పదేండ్లు గడిపినవాడిగా నాకు తోచేదేమంటే, ఈ మౌనాన్ని పూడ్చబూనిన బోధకుల కంటే దానిని అలాగే వదలిన లూకాయే నిజాయితీపరుడు.

అపొస్తలుల కార్యాలలోనూ ఇంతే. పన్నెండవ అధ్యాయంలో యాకోబు కత్తికి బలియైపోతాడు, అదే అధ్యాయంలో పేతురు సంకెళ్లు దేవదూత రాకతో ఊడిపడతాయి. ఒకరికెందుకు, మరొకరికెందుకు కాదు అనే ప్రశ్నను గ్రంథకర్త ఎత్తనే ఎత్తడు. ఫిలిప్పీ చెరసాలలో భూకంపం వచ్చి తలుపులన్నీ తెరచుకొన్నా పౌలు కదలడు. భాగవతం దశమస్కంధం చదివినవారికి ఇక్కడ వసుదేవుడు గుర్తుకు రాకమానడు. సంకెళ్లు సడలి, తలుపులు తెరచుకొని, శిశువును వ్రేపల్లెకు చేర్చిన ఆ తండ్రి తిరిగి వచ్చి మరల సంకెళ్లు తగిలించుకొన్నాడు కదా! మన కంచెర్ల గోపన్న కథ మాత్రం పేతురు కథకు దగ్గర. రామలక్ష్మణులే వచ్చి తానీషాకు పైకం చెల్లించి అతణ్ణి విడిపించారని ఐతిహ్యం. ఆ తానీషాను 1687లో గోలకొండ పడిపోయాక ఔరంగజేబు దౌలతాబాదు కోటలో బంధించాడు. ఆయన కోసం ఎవరూ పైకం తేలేదు, అక్కడే కన్నుమూశాడు.

నల్లగొండ పల్లెలలో ‘విడుదల’ అన్న మాటను మొదట విన్నవారు ముఖ్యంగా మాల, మాదిగ కుటుంబాలవారు. నిజాము రాజ్యంలో వెట్టి చేస్తున్న వారికి చెర అనేది రూపకాలంకారం కాదు. కూలి లేకుండా దొర గడీకి, పటేలు ఇంటికి పరుగెత్తే బ్రతుకే చెర. బాప్తిస్మంతో బడి వచ్చింది, మందు వచ్చింది, అక్షరం వచ్చింది. వెట్టి మాత్రం వెంటనే పోలేదు. 1940లలో నల్లగొండ జిల్లా తిరగబడినప్పుడు కూడా అది పల్లెలలో ఉన్నదే. పరలోకపు విడుదల, వెట్టినుండి విడుదల ఈ రెండింటికీ ఒకే తెలుగు మాట ఉండడం వలన వినేవారికి ఎంత ఆశ కలిగిందో, ఎంత నిరాశ మిగిలిందో మిషను నివేదికలలో వెదికినా దొరకదు. అవి వ్రాసినవారు దొరలు.

ఇక మాట పంపినవారి సంగతి. 1914లో యుద్ధం రాగానే రష్యా నుండి నల్లగొండకు ధనం రాక చిక్కుల్లో పడింది, 1917 విప్లవంతో ఆ దారి పూర్తిగా మూసుకుపోయింది. 1929 ఏప్రిల్‌లో సోవియట్ ప్రభుత్వం మతసంఘాలపై కఠినశాసనం చేసింది. ప్రార్థనామందిరాలు మూతపడ్డాయి, బోధకులను ఖైదు చేసి సైబీరియాకు, ఉత్తరపు అడవులకు పంపారు. చెరలోని వారికి విడుదల అని తెలుగువారికి చెప్పించిన పల్లెలే చెరలోకి వెళ్లాయి.

అదే పల్లెలనుండి 1874 తరువాత అమెరికాకు వలసపోయిన వారి శాఖ 1899 నుండి మన ప్రాంతంలో పనిచేస్తూ వచ్చింది. నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి వారి కేంద్రాలు. బాప్టిస్టుల చేతిలోని మహబూబ్‌నగర్, గద్వాల కేంద్రాలు వారికి సంక్రమించింది 1937లో. స్టాలిన్ పోలీసులు రాత్రివేళ తలుపులు తట్టి, మొలోచ్నా పల్లెలలో మిగిలిన మగవారిని తీసుకుపోతున్నదీ ఆ ఏడే.