రన్‌వే చుట్టూ గిరి

ఓర్వకల్లు విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఉయ్యాలవాడ ఆళ్లగడ్డ ప్రాంతపు ఊరు. కంపెనీ ప్రభుత్వం ఆయన్ని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసింది. 2021 మార్చి 25న ఈ విమానాశ్రయం ప్రారంభమైంది, మూడు రోజులకే విమానాలు ఎగరడం మొదలైంది. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా కడపకు పోయే రహదారి పక్కనే ఉంది కాబట్టి, ఈ రెండు ఊళ్లకూ అది తమ విమానాశ్రయం కిందే లెక్క. పైలట్ లెక్క మాత్రం వేరు. విమానాశ్రయాల నుంచి వెలువడే వాతావరణ నివేదికను మెటార్ అంటారు. అది రన్‌వే ఉన్న స్థలం నుంచి సుమారు 8 కిలోమీటర్ల లోపలి సంగతి చెబుతుంది. 8 నుంచి 16 కిలోమీటర్ల దాకా ఉన్నదాన్ని ‘చుట్టుపక్కల’ అని ముక్తసరిగా ప్రస్తావిస్తుంది, అంతటితో సరి. ఓర్వకల్లు నుంచి నంద్యాల గాలిదారిన 40 కిలోమీటర్లు దాటుతుంది. ఆళ్లగడ్డ 70 దాటుతుంది, అటు కడప విమానాశ్రయం నుంచి కూడా దానికి దాదాపు అంతే దూరం. విమానాశ్రయాలు గీసుకున్న రెండు గిరుల మధ్య, దేనికీ చెందని ఆకాశం ఇది. ఈ ఖాళీ ఎవరి అలసత్వం వల్లో రాలేదు. ఈ నివేదిక పుట్టిపెరిగిన తీరులోనే ఉంది.

వాతావరణ వార్త మొదట ఓడల కోసం పుట్టింది. 1859లో రాయల్ చార్టర్ అనే ఓడ వేల్స్ తీరంలో తుపానుకు పగిలి వందల మంది పోయాక, బ్రిటిష్ నౌకాధికారి ఫిట్జ్‌రాయ్ 1861లో టెలిగ్రాఫ్ ద్వారా రేవులకు తుపాను హెచ్చరికలు పంపడం మొదలుపెట్టాడు. మన దేశంలో 1864 నాటి కలకత్తా తుపాను, ఆ తర్వాతి అనావృష్టి కరువులు ప్రభుత్వాన్ని కదిలించాయి, 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. నంద్యాలకు సంబంధించినంత వరకు వాతావరణమంటే చాలాకాలం పంట మాటే. 1906లో అక్కడ మొదలైన వ్యవసాయ పరిశోధనా కేంద్రానికి కావలసింది వాన లెక్క, ఎండ లెక్క. రైతు అడిగేది ఈ కార్తె సంగతి, నావికుడు అడిగేది రెండు రోజుల సంగతి. విమానం వచ్చాక మూడో ప్రశ్న వచ్చింది: ఈ నేల మీద, ఈ నిమిషాన గాలి ఎటు నుంచి వీస్తోంది? జాగా చిన్నది, వ్యవధి ఇంకా చిన్నది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పబోయి వాతావరణ శాస్త్రం రన్‌వేకు కట్టుబడిపోయింది.

మొదట్లో రన్‌వేలే లేవు. విశాలమైన మైదానం, ఒక కర్రకు కట్టిన గాలిసంచి ఉండేవి. గాలి ఎటు నుంచి వస్తే విమానం అటు ముఖం పెట్టి దిగేది. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహమ్మదాబాద్ మీదుగా బొంబాయికి తపాలా సంచులు తెచ్చాడు. వాటిని అందుకుని నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు. బళ్లారి నుంచి మద్రాసు దారి అంటే దత్తమండలాల ఆకాశమే. ఆ ఒంటి ఇంజను పస్‌మాత్ విమానంలో రేడియో లేదు, దారి చెప్పే సాధనమేదీ నేల మీదా లేదు. బొంబాయి జుహులో బురదనేల మీద దిగేవారు. వానాకాలం ఆ నేల నీట మునిగితే మకాం పూనాకు మార్చేవారు. ‘నేల ఎలా ఉంది’ అన్నది పైలట్‌కు ‘గాలి ఎలా ఉంది’ అన్నంత పెద్ద ప్రశ్న అని అప్పుడే తెలుసు. తర్వాత బరువైన విమానాల కోసం గట్టి రన్‌వేలు పరిచారు. మైదానంలో దిక్కు మార్చుకునే స్వేచ్ఛ పోయింది, అడ్డగాలి అంకెలకెక్కింది. రన్‌వే దిశను దిక్సూచి డిగ్రీలలో కొలిచి, పదితో భాగించి, రెండంకెల పేరు పెట్టారు. శంషాబాద్ రన్‌వేలు 09, 27 అయ్యింది అందుకే: ఒక కొస నుంచి తూర్పుకు, మరో కొస నుంచి పడమటికి. ఇక్కడో చిన్న మెలిక ఉంది. మెటార్ గాలి దిశను నిజమైన ఉత్తరం నుంచి లెక్కిస్తుంది, రన్‌వే అంకె మాత్రం దిక్సూచి ఉత్తరానిది. మన ప్రాంతంలో రెండింటి తేడా ఒకటి రెండు డిగ్రీలకు మించదు కాబట్టి సరిపోయింది.

మరో మలుపు ఎత్తు కొలిచే గడియారం. అది కొలిచేది నిజానికి గాలి పీడనాన్ని, పీడనం ఊరూరికీ పూటపూటకూ మారుతుంది. 1929 సెప్టెంబర్ 24న జిమ్మీ డూలిటిల్ అమెరికాలో కాక్‌పిట్‌కు మూత వేసి, బయటకు చూడకుండా, పనిముట్ల మీదే ఆధారపడి విమానం ఎగరేసి దించాడు. అందులో కొత్తగా వచ్చిన కోల్స్‌మన్ ఆల్టిమీటర్‌ది పెద్ద పాత్ర. దిగబోయే చోటి పీడనం నేల మీది వాళ్లు చెబితే, పైలట్ ఆ అంకెను గడియారంలో తిప్పి పెట్టుకోవాలి. దానికి ఓడల రేడియో సంకేతాల నుంచి అరువు తెచ్చుకున్న పేరు క్యూఎన్‌హెచ్. ఒక్క హెక్టోపాస్కల్ తేడా వస్తే ఎత్తులో ఇంచుమించు 28 అడుగుల తప్పు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1948లో వాతావరణ సేవకు నియమావళి తెచ్చింది, 1968 జనవరి 1 నుంచి మెటార్ రూపం అమల్లోకి వచ్చింది. ఒకటే వాక్యం, అరగంటకో గంటకో ఒకసారి. జూలైలో ఒక సాయంత్రం రాయలసీమలో ఏదో విమానాశ్రయం నుంచి వచ్చిందనుకుందాం: గాలి 27015, చూపు మేర 4000, ఉరుములతో వాన, సిబి, 31, 25, క్యూ 1004. పడమటి నుంచి 15 నాట్ల గాలి, 4 కిలోమీటర్ల వరకే కనిపిస్తోంది, నెత్తిమీద క్యుములోనింబస్ మేఘం, వేడి 31, మంచుబిందు ఉష్ణోగ్రత 25, పీడనం 1004. ఎండ అంకెను చాలామంది పట్టించుకోరు గానీ, సీమలో దానికి విలువుంది. సముద్రమట్టానికి వెయ్యి అడుగుల ఎత్తున్న చోట 44 డిగ్రీల ఎండ కాస్తే, గాలి పల్చబడి, విమానానికి ఆ నేల దాదాపు 4,700 అడుగుల ఎత్తున ఉన్నట్టే. రెక్కలకు పట్టు తగ్గుతుంది, పరుగు సాగుతుంది, బరువు దించుకోవాల్సి వస్తుంది.

ఆ తర్వాత చూపు ఇంకా దగ్గరికి వచ్చింది. 2005 డిసెంబర్ 8న చికాగో మిడ్‌వేలో మంచు పడ్డ రన్‌వే మీద ఒక విమానం ఆగక రోడ్డు మీదికి పోయింది. ‘బ్రేకులు బాగానే పడుతున్నాయి’ లాంటి నోటిమాటల నివేదికలు చాలవని ఆ ప్రమాదం తేల్చింది. 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో తడి రన్‌వే మీద, వెనకగాలిలో దిగిన విమానం కొండ అంచు దాటి పడి 21 మంది చనిపోయారు. 2021 నవంబర్ నుంచి ప్రపంచమంతా ఒకే పద్ధతి: రన్‌వేను మూడు భాగాలు చేసి, ఒక్కో భాగానికి 0 నుంచి 6 దాకా అంకె ఇస్తారు. పొడిగా ఉంటే 6, తడి అయితే 5, నీరు 3 మిల్లీమీటర్లు మించి నిలిస్తే ఏకంగా 2. సముద్రమంతటి తుపానుతో మొదలై మూడు మిల్లీమీటర్ల నీటి దాకా వచ్చిన చరిత్ర ఇది. ప్రతి మెట్టులోనూ చూపు పదునెక్కింది, ప్రతి మెట్టులోనూ గిరి చిన్నదైంది.

గిరి బయట ఏముంటుందో నల్లమల 2009 సెప్టెంబర్ 2న చూపింది. ఆ ఉదయం 8:38కి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బెల్ 430 హెలికాప్టర్‌లో బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరారు. గంట తిరగకముందే అది ఆత్మకూరు వైపు నల్లమలలో రుద్రకొండ దగ్గర, పావురాలగుట్ట మీద కూలింది. అందులోని ఐదుగురూ చనిపోయారు, శకలాలు మర్నాడు గానీ కనబడలేదు. అప్పటికి ఓర్వకల్లు లేదు, కడపకు ప్రయాణికుల విమానాలు 2015లో గానీ రాలేదు. హైదరాబాద్ దాటితే తిరుపతి దాకా ఆ దారిలో ప్రయాణికుల విమానాలు నడిచే రన్‌వే ఒక్కటీ లేదు.

‘ఆ ప్రమాదానికి మెటార్‌తో పనేమిటి?’ అని అడగవచ్చు, అడగడం న్యాయమే. ఆర్.కె. త్యాగి ఆధ్వర్యంలోని విచారణ సంఘం చెప్పినదాని ప్రకారం, సిబ్బంది ట్రాన్స్‌మిషన్ ఆయిల్ పీడనం గురించిన హెచ్చరికతో, చెక్‌లిస్టు వెతుకులాటతో ఆరు నిమిషాలకు పైగా సతమతమయ్యారు. అంతలో మేఘంలోని భయంకరమైన దిగువగాలికి చిక్కి హెలికాప్టర్ అదుపు తప్పింది. కిందికి కుమ్మే ఆ గాలిని ఏ అరగంట నివేదికా ముందే చెప్పలేదు. మేఘంలోకి వెళ్లాక తీర్పు మనిషిదే, అందులో వాదం లేదు. కానీ వెనక్కి తిరగాలా వద్దా అన్న నిర్ణయానికి అసలైన వేళ మేఘం అంచుకు ఇవతల, వీలైతే బయల్దేరకముందు. విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి పోయే పైలట్‌కు అప్పుడు రెండు కొసల అంకెలూ చేతిలో ఉంటాయి. హెలిప్యాడ్‌కు పోయే పైలట్‌కు మొదటి కొసవి మాత్రమే ఉంటాయి. తక్కువ ఎత్తున, కొండల మీదుగా, అందరికంటే ఎక్కువగా వాతావరణానికి లోబడి ఎగిరేది అతనే. అందరికంటే తక్కువ సమాచారం అందేదీ అతనికే. అందుకే రన్‌వే లేని ఇలాంటి దారిలోనూ నేల మీద కొలతలు కావాలి.

రెండో అభ్యంతరం మరింత బలమైనది: ఉపగ్రహాలూ డాప్లర్ రాడార్లూ వచ్చాక అడవిలో గాలి గడియారాలు దేనికి? రాడార్ కిరణం తిన్నగా పోతుంది, భూమి వంగుతుంది. హైదరాబాద్ రాడార్ నుంచి నంద్యాల దాదాపు 220 కిలోమీటర్లు. అర డిగ్రీ ఎత్తున వదిలిన కిరణం అక్కడికి చేరేసరికి నేల నుంచి నాలుగున్నర కిలోమీటర్లకు పైన ఉంటుంది. మచిలీపట్నం, శ్రీహరికోట, చెన్నై రాడార్లు అంతకంటే దూరం. మేఘం తల కనిపిస్తుంది. నల్లమల శిఖరాల ఎత్తు కిలోమీటరుకు అటూ ఇటూ, హెలికాప్టర్ ఎగిరేది వాటికి కాస్త పైన. ఆ పొర రాడార్ కిరణం కిందే ఉండిపోతుంది. ఉపగ్రహం చూసేది కూడా పైకప్పునే. మేఘం అడుగు ఎంత ఎత్తున ఉంది, కొండ కొమ్ము కప్పుకుపోయిందా, చూపు మేర ఎంత అన్నవి నేల మీద నిలబడి చెప్పాల్సినవే.

ఏడాదికి పదిమంది ప్రముఖుల ప్రయాణాల కోసం ఇంత ఖర్చా అంటారు కొందరు. ప్రముఖులతో పోయేదైతే ఒప్పుకోవచ్చు. కానీ 2024 నవంబర్ 9న ముఖ్యమంత్రి చంద్రబాబు విజయవాడ నుంచి శ్రీశైలానికి సీప్లేన్‌లో వెళ్లారు. శ్రీశైలం నంద్యాల జిల్లాదే. ఆ సర్వీసు రేపు యాత్రికులకు మొదలైతే దాని రన్‌వే కొండల మధ్య కృష్ణ నీళ్లు. దానికి రెండంకెల పేరు ఉండదు, అలల మీది గాలిని కొలిచే ఏర్పాటు కావాలి. నంద్యాలలో ఎండ ఎంతో వాతావరణ శాఖ ఇప్పటికే కొలుస్తోంది, వేసవిలో ఆ అంకె పేపర్లో చూస్తూనే ఉన్నాం. దానికి పీడనం, గాలి, మేఘం అడుగు, చూపు మేర జోడించి అరగంటకోసారి పైలట్‌కు అర్థమయ్యే వాక్యంలో పంపాలి. నంద్యాలతో మొదలుపెట్టి ఆత్మకూరు, శ్రీశైలం, అహోబిలం దారిలో ఆళ్లగడ్డ వరకు, మనిషి అక్కర్లేని యంత్రాలతోనే ఈ పని చేయవచ్చు. సీప్లేన్ టికెట్ల ధర నిర్ణయించకముందే రాష్ట్ర ప్రభుత్వం, వాతావరణ శాఖ కూర్చుని ఈ నాలుగు చోట్ల సంగతి తేల్చాలి.