పాత కియాంతి తాగొచ్చా?

నలభై ఏళ్ల నాటి ఇటలీ ఎర్ర వైన్ సీసా చేతికొస్తే ఎవరైనా ముందు చూసేది దాని మీదున్న సంవత్సరమే. వైన్ ఎంత పాతదైతే అంత గొప్పదన్న నమ్మకం మనలోనూ బలంగా ఉంది. ఇటలీ వైన్ చరిత్ర మాత్రం ఆ నమ్మకాన్ని బలపరచదు. అక్కడ మామూలు జనం తాగిన ఎర్ర వైన్‌లో చాలా భాగం ఏడాది రెండేళ్లలో ఖర్చైపోవడానికే తయారైంది. కాబట్టి సీసా వయసు కంటే ముందు, దాన్ని ఎందుకోసం చేశారో తెలుసుకోవాలి.

టస్కనీలోని కియాంతినే చూడండి. 1716లోనే అక్కడి పాలకుడు మూడో కోసిమో ఆ వైన్ ప్రాంతానికి ఎల్లలు గీస్తూ ఫర్మానా ఇచ్చాడు. పేరుకు అంత చరిత్ర ఉన్నా సరుకుకు నిలవ గుణం తక్కువ. దాన్ని నింపేది అడుగు గుండ్రంగా ఊదిన పల్చటి గాజు బుడ్డిలో, అది దొర్లిపోకుండా చుట్టూ గడ్డి అల్లిక. ఆ బుడ్డి పేరు ఫియాస్కో. ఆ పల్చటి మెడ బిరడా బిగింపుకు తట్టుకోలేదు. అందుకని వైన్ మీద కాస్త ఆలివ్ నూనె పోసి గాలి తగలకుండా చూసేవారు. పైన నూనె తేలే బుడ్డిని పడుకోబెట్టలేరు, దూరాలకు పంపలేరు, ఏళ్ల తరబడి దాచలేరు. 19వ శతాబ్దం రెండో సగంలో గట్టి గాజు వచ్చాకే ఫియాస్కోకు బిరడా బిగించడం కుదిరింది. ఇటలీకి రెండో ప్రధానమంత్రిగా పనిచేసిన బెత్తీనో రికాసోలి తన బ్రోలియో తోటల్లో ఏళ్ల పాటు ప్రయోగాలు చేసి, 1872లో పీసా నగరపు ప్రొఫెసర్ ఒకరికి ఉత్తరం రాశాడు. సాంజొవేసె ద్రాక్ష వాసనను, బలాన్ని ఇస్తుంది, కనయోలో దాని కరుకుదనం తగ్గిస్తుంది, తెల్ల ద్రాక్ష మల్వాసియా వైన్‌ను తేలిక చేస్తుందన్నది అందులోని సారాంశం. రోజువారీ వైన్‌కు మల్వాసియా మంచిదేనని, నిలవ పెట్టే వైన్‌లో మాత్రం వద్దని ఆయనే విడదీసి చెప్పాడు. తర్వాతివాళ్లు మొదటి సగం పట్టుకుని రెండో సగం వదిలేశారు. 1967లో వచ్చిన ప్రభుత్వ నిబంధనలు కియాంతిలో తెల్ల ద్రాక్షను 10 నుంచి 30 శాతం దాకా తప్పనిసరి చేశాయి. 1970ల నాటి మామూలు కియాంతి ఇవాళ రంగు వెలిసి, పులుపు తప్ప మరేమీ మిగలకుండా ఉంటే తప్పు దాచినవాళ్లది కాదు. కియాంతిలో పాత నడిబొడ్డు ప్రాంతమైన కియాంతి క్లాసికోలో తెల్ల ద్రాక్షను పూర్తిగా నిషేధించింది 2006లో.

మరి ఏళ్ల తరబడి నిలవ ఉంటాయని పేరున్న ఇటలీ ఎర్ర వైన్లు బరోలో, బ్రునెల్లోల సంగతేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బరోలోకు వాడే నెబ్బియోలో ద్రాక్షలో పచ్చి వక్క నమిలినట్టు నోరు పట్టేసే వగరు, దానికి దీటైన పులుపు ఉంటాయి. వైన్‌ను దశాబ్దాల పాటు కాపాడేవి ఆ రెండే. మొంతల్చీనోలో బియోందీ-సాంతి కుటుంబం తమ 1888 బ్రునెల్లోను వందేళ్లు దాటాక కూడా తెరిచి రుచి చూపించింది. అయితే ఆ ఇంట్లో పాత సీసాలను ఊరికే వదిలేయలేదు. మట్టం తగ్గిన సీసాను తెరిచి, రుచి చూసి, అదే సంవత్సరపు వైన్‌తో నింపి, కొత్త బిరడా వేసే పద్ధతి పాటించారు. చల్లని నేలమాళిగలో అంతటి కాపలా మధ్య పెరిగిన సీసాను చూపించి, విజయవాడ ఎండల్లో బీరువా మీద పదేళ్లు గడిపిన సీసాకూ అదే ఆయుష్షు ఉంటుందనుకోవడం సరికాదు.

పాతది తాగితే ప్రాణం మీదకు వస్తుందేమోనన్న భయం ఇంకొకటి. వైన్‌లోని ఆమ్లం, ఆల్కహాల్ మధ్య రోగాలు తెచ్చే క్రిములు బతకలేవు. చెడితే పులిసి వెనిగర్ అవుతుంది, లేదా గాలి సోకి చప్పబడుతుంది. 1986లో ఇటలీలో ఇరవై మందికి పైగా చనిపోయింది పాత వైన్ తాగి కాదు. ఆల్కహాల్ శాతం పెంచడానికి కొందరు వ్యాపారులు చౌక వైన్‌లో మిథనాల్ కలిపారు. కల్తీ సారా చావులు ఎరిగిన మనకు ఈ తేడా విడమరిచి చెప్పనక్కర్లేదు. మిథనాల్ ఏళ్లు గడిచినా పోదు కనుక ఆ కాలపు ఊరూపేరూ లేని చౌక సీసాను మాత్రం ముట్టుకోకూడదు. మిగతా వాటిని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడాలి. వైన్ మట్టం సీసా మెడలోనే ఉందంటే బిరడా తన పని చేసినట్టు. భుజం కిందికి జారిందంటే గాలి చొరబడినట్టే. అడుగున మడ్డి ఉంటే కంగారు అక్కర్లేదు, వగరూ రంగూ కలిసి గడ్డకట్టి దిగిందే అది. ముందురోజు సీసాను నిలబెట్టి, మడ్డి కదలకుండా మెల్లగా వంచాలి. ఇటుక రంగు ఫర్వాలేదు, వెనిగర్ వాసన కొడితే పారబోయాలి. బాగున్న పాత వైన్ కూడా గాలి తగిలాక త్వరగా వాసన కోల్పోతుంది కనుక తెరిచిన పూటే తాగేయాలి.