బాస్‌కు చెప్పలేని మాట ‘ధర’ చెప్పేస్తుంది.. కంపెనీల్లో ప్రిడిక్షన్ మార్కెట్ అంటే ఏంటి?

ప్రాజెక్టు గడువులోగా పూర్తవుతుందా అని మీటింగ్‌లో బాస్ అడిగితే.. ‘అయిపోతుంది సార్’ అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. అదే టీమ్ క్యాంటీన్‌లో టీ తాగుతూ ‘ఇంకో 2 నెలలైనా పట్టుద్ది’ అనుకుంటుంది. ఈ క్యాంటీన్ మాటను పైవాళ్ల దాకా చేర్చేందుకు కొన్ని పెద్ద కంపెనీలు ప్రయత్నించిన పద్ధతే ఇంటర్నల్ ప్రిడిక్షన్ మార్కెట్.

ఇంతకీ ఇదెలా పనిచేస్తుందంటే.. దాదాపు షేర్ మార్కెట్ లాగే. ‘సాఫ్ట్‌వేర్ మార్చి 31లోగా రిలీజ్ అవుతుంది’ అని ఒక షేర్ పెడతారు. అది నిజమైతే షేర్‌కు 100 పాయింట్లు, కాకపోతే సున్నా. ఉద్యోగులు కొనొచ్చు, అమ్మొచ్చు. ధర 35 దగ్గర ఉందంటే.. టైమ్‌కి పూర్తయ్యే ఛాన్స్ 35 శాతమేనని సిబ్బంది లెక్క. సర్వేలో అయితే ఏదో ఒకటి టిక్ పెట్టేసి పోవచ్చు. ఇక్కడ తప్పితే పాయింట్లు పోతాయి, అందుకే సంగతి తెలిసినవాళ్లే గట్టిగా పందెం కాస్తారు.

1997లో సీమెన్స్ ఆస్ట్రియా విభాగంలో సరిగ్గా ఇదే జరిగింది. ఓ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు గడువులోగా పూర్తవుతుందని ప్లానింగ్ లెక్కలు చెబుతుంటే, ఉద్యోగుల మార్కెట్ మాత్రం కాదని తేల్చేసింది. చివరికి మార్కెట్ మాటే నిజమైంది. అంతకుముందే హ్యూలెట్ ప్యాకార్డ్ (హెచ్‌పీ), కాల్టెక్ పరిశోధకులతో కలిసి ప్రింటర్ల అమ్మకాలపై ఇలాంటి ప్రయోగాలు మొదలుపెట్టింది. కంపెనీ అధికారిక అంచనాతో పోల్చి చూసిన 8 సందర్భాల్లో 6 సార్లు మార్కెట్ అంచనాయే నిజానికి దగ్గరగా వచ్చింది. పాల్గొన్నది కొద్దిమందే.. అయినా!

గూగుల్ 2005లో ‘గూబుల్స్’ అనే ఉత్తుత్తి కరెన్సీతో మొదలుపెట్టింది. అక్కడ ఓ చిక్కు బయటపడింది. కంపెనీకి మంచి జరుగుతుందనే వైపు ధరలు కాస్త ఎక్కువ మొగ్గాయి. కొత్తగా చేరినవాళ్లలో ఈ ఆశ మరీ ఎక్కువ. పక్కపక్కన కూర్చునేవాళ్ల పందేలు కూడా ఒకేలా ఉన్నాయి! అంటే పుకారు తిరిగినా ధర మారుతుందన్నమాట. ఫోర్డ్‌లో మాత్రం వారంవారీ వాహన అమ్మకాల అంచనాల్లో నిపుణుల కంటే మార్కెటే మెరుగనిపించుకుంది.

అసలు ఇబ్బంది మేనేజర్లకే. తన ప్రాజెక్టు షేర్ రోజురోజుకీ పడిపోతుంటే ఆఫీసంతా చూస్తుంది మరి. అందుకే పందెం కాసేవారి పేర్లు బయటకు రాకుండా చూడాలి. ఇంకో రిస్కూ ఉంది. ‘లేట్ అవుతుంది’ అని కొన్నవాడే పని నెమ్మదిగా చేస్తే? ఒక్కొక్కరు కొనగలిగే షేర్లకు పరిమితి పెడితే ఆ ఆశ తగ్గుతుంది. ‘రిలీజ్’ అంటే టెస్టింగ్‌కు ఇవ్వడమా, కస్టమర్ చేతికి చేరడమా అన్నది కూడా ముందే రాసి పెట్టుకోవాలి. లేదంటే ఆఖరి రోజున పాయింట్ల దగ్గరే గొడవ.