పియానోకు శ్రుతి చేయువాడు

విశాఖపట్టణమున పెరిగిన ఒక బాలునికి కంటిచూపు మందమగుటచే బడిచదువు సాగలేదు. అన్నగారైన వేంకటకృష్ణయ్యగారు అతనికి ఫిడేలు నేర్పిరి. 1919లో, ఇరువదియారేండ్ల వయసున, ఆ యువకుడు విజయనగరము మహారాజావారి సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరబోయి ఆచార్యుడుగా నియమింపబడెనని పెద్దలు నేటికిని ముచ్చటగా చెప్పుకొందురు. ఆయనయే ద్వారం వేంకటస్వామినాయుడుగారు. ఈ కథ మనకు కొత్తది కాదు. నేను చెప్పదలచినది దీనికి జంటయనదగిన మరియొక కథ. అది ఆయన పుట్టుటకు చాల ముందే పారిసు నగరమున జరిగినది. అక్కడను చూపు లోపమే, చెవి బలమే. కాని ఆ సంగీతజ్ఞునికి దొరికిన దారి వేదికమీదికి పోలేదు. వేదికపై నున్న పియానో పెట్టెలోనికి పోయినది.

ఆయన పేరు క్లోద్ మొంతాల్. 1800లో ఫ్రాన్సుదేశమున లాపలీస్ అను చిన్న ఊర జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టువాడు. ఐదవ యేట విషజ్వరము వచ్చి పిల్లవాని రెండు కన్నులును పోయినవి. యౌవనారంభమున పారిసులోని అంధబాలుర విద్యాలయమునకు చేరెను. చుక్కల లిపిని కనిపెట్టిన లూయీ బ్రెయిల్ 1819లో చేరినది ఈ విద్యాలయముననే. మొంతాల్ అక్కడ చదువును సంగీతమును నేర్చి, అక్కడనే ఉపాధ్యాయుడై పిల్లలకు పాఠములు చెప్పుచుండెను. భోజనమునకు, వసతికి లోటు లేదు. మరియొకడైనచో అంతటితో తృప్తిపడి యుండెడివాడే.

విద్యాలయములో పియానోలు కలవు. వానికి శ్రుతి చేయుటకు బయటనుండి ఒకడు వచ్చెడివాడు. అతని పని మొంతాలు చెవికి ఆనలేదు. తోడి విద్యార్థి నొకనిని కూర్చుకొని తానే తీగలు సవరింపసాగెను. ట్యూనరు పోయి అధికారులకు ఫిర్యాదు చేసెను. అంధులు పియానో లోపల చేయి పెట్టరాదని ఆజ్ఞ వెలువడెను. ఆ మిత్రులు ఊరకుండక ఒక పాత పియానో సంపాదించి, దానిని ముక్కముక్కలుగా విప్పి, ఏ ముక్క ఎందులకో వ్రేళ్లతో తడవి తెలిసికొని, మరల కూర్చిరి. అది పలికెను. అటుపిమ్మట విద్యాలయపు పియానోల బాగోగులన్నియు వారికే అప్పగింపబడినవి. నిషేధించినవారే పని ఒప్పగించుట మన దేశపు కచేరీలలో అంత తరచుగా జరుగదు సుమా.

1830లో మొంతాల్ ఉద్యోగము వదలి బయటికి వచ్చెను. అతని జీవితములో గడ్డుకాలము ఇదియే. అంధునికి తమ విలువైన వాద్యమును అప్పగించుటకు ఇండ్లవారు జంకిరి. తీగ తెంచునేమో, మరల పెట్టె బిగింపజాలడేమో అని వారి భయము. వేర్వేరు కర్మాగారములలో తయారైన రెండు పియానోలను ఒకే కచేరీకొరకు ఒకదానితో ఒకటి కలుపవలసి వచ్చినప్పుడు, ఒక సంగీతాచార్యుడు ఆ పని మొంతాలునకు ఇచ్చెననియు, అవి చక్కగా కలిసిన పిదప అతని పేరు నగరమున ప్రాకెననియు చెప్పుదురు. 1836లో అతడు పెద్ద గ్రంథమే ప్రకటించెను. ఎవరి పియానోకు వారే శ్రుతి చేసికొనుట ఎట్లు అన్నదే దాని విషయము! తరువాత తానే పియానోలు తయారుచేయించి, 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనమున బహుమానము పొందెను. 1865లో మరణించెను.

అతని గ్రంథము వెలువడిన పిదప ఈ వృత్తి అంధవిద్యాలయములలో పాఠ్యాంశమయ్యెను. 1872లో లండనులో స్థాపింపబడిన అంధుల కళాశాలలోను దీనిని శ్రద్ధగా నేర్పిరి.

ఇక ఆ పనిలోని చిక్కు చెప్పవలెను. మన వాద్యకారుడు ఎవడైన పియానో ట్యూనరు కాదలచినచో అతనికి తగులు మొదటి దెబ్బ ఇదియే. మనము తంబురా మీటి పంచమము పలికించునప్పుడు షడ్జమముతో అది పూర్తిగా లీనము కావలెనని కోరుదుము. పంచమము పౌనఃపున్యము షడ్జమమునకు సరిగా ఒకటిన్నర రెట్లు. ఫిడేలు తీగలను మనము పాడు శ్రుతికి స, ప, స, ప యని కలుపుకొందుము. పియానోకు అట్లు కుదురదు. పండ్రెండు శుద్ధ పంచమములు వరుసగా ఎక్కినచో 129.75 రెట్లు వచ్చును. ఏడు స్థాయిలు ఎక్కినచో 128 రెట్లే. ఈ మిగులును పండ్రెండు పంచమములకును పంచివేయవలెను. అనగా ప్రతి పంచమమును కావలెననియే రవంత తగ్గింపవలెను.

ఎంత తగ్గింపవలెనో చెవి యెట్లు చెప్పును? రెండు నాదములు ఇంచుక భేదించినప్పుడు ధ్వని హెచ్చుచు తగ్గుచు అలలవలె ఊగును. భౌతికశాస్త్రమున వీనినే విస్పందనములందురు. సెకనుకు 220 కంపనముల స్వరమునకు శుద్ధ పంచమము 330. పియానోలో మాత్రము 329.63 దగ్గర నిలుపుదురు. అప్పుడు నాలుగు సెకనులలో సుమారు మూడు ఊగులు వినబడును. ట్యూనరు శ్రుతిదండము మ్రోగించి, ఒక తీగ పలుకునపుడు ప్రక్క తీగలను ఫెల్టు ముక్కతో అదిమి, ఈ ఊగులను లెక్కించుచు మేకులను వెంట్రుకవాసి త్రిప్పును. నేటి పియానోలో తీగలు రెండువందలకు పైబడి యుండును. వాని మొత్తపు లాగుడు ఇరువది టన్నులకు చేరువ. ఈ పనిలో కన్ను చేయు సాయము స్వల్పము.

శుద్ధమైన పంచమమును కొలుచుచు పెరిగిన చెవికి, దానిని బుద్ధిపూర్వకముగా చెడగొట్టుట అపచారమువలె తోచును. ఇది కేవలము మనోభావముగా కొట్టివేయదగినది కాదని నా అభిప్రాయము. హార్మోనియము కూడ ఇట్లే మెట్లు బిగిసిన వాద్యము. మన రేడియో 1940లో దానిని నిషేధించి 1971లో గాని ఆ నిషేధమును సడలింపలేదు. నాయుడుగారు తంబురా ప్రాశస్త్యమునుగూర్చి వ్యాసము వ్రాసిరి. ఆయన చేతిలోని ఫిడేలు పియానోవలెనే పడమటినుండి వచ్చినది; కాని దాని తీగలు మన పంచమమునకు లొంగినవి, పియానో లొంగలేదు. 1952లో యెహూది మెనూహిన్ మద్రాసులో ఆయన వాయించగా విని ముగ్ధుడయ్యెను.

మరి విశాఖలో ఎవరింటనైన పియానో ఉన్నచో దాని సంగతి యేమి? సముద్రపు ఉప్పుగాలికి ఇనుపతీగలు తుప్పుపట్టును. వానకాలమున తేమ పీల్చి నాదఫలకము ఉబ్బును, శ్రుతి పైకి పోవును. వేసవిలో తిరిగి ఎండి దిగును. లోపల మేకులు నాటిన కొయ్య పట్టు సడలును. శ్రావణమున చేసిన శ్రుతి సంక్రాంతికి నిలువదు. ట్యూనరుకు మరల కబురు పంపవలసినదే.