మోడల్ రైళ్ళ రంగులు

అసలు రైలుబండి రంగును దాని చిన్న నమూనాపై సరిగా చూపుట మోడల్ రైళ్ళ తయారీలో కష్టమైన అంశం. ఇంజనుకు పూసిన రంగునే 1:76 నిష్పత్తి గల నమూనాకు పూస్తే అది ముదురుగా తోస్తుందని పలువురు కొంత తెలుపు కలుపుతారు. ఎంత కలపాలన్నది తేలని వివాదం. పగటి వెలుగులో ఒకేలా ఉన్న రెండు పెట్టెలు దీపం కింద వేర్వేరు ఛాయలలో కనబడవచ్చు. దీనిని మెటామెరిజం అంటారు.

పాత రైళ్ళ విషయంలో చిక్కు మరింత ఎక్కువ. ఇంగ్లండులోని లండన్, బ్రైటన్ అండ్ సౌత్ కోస్ట్ రైల్వేలో 1870లో చేరిన విలియం స్ట్రౌడ్లీ తన ఇంజన్లకు వేయించిన రంగు పేరు "మెరుగుపరచిన ఇంజను ఆకుపచ్చ". నిజానికది బంగారు ఛాయ గల పసుపు. (తెలుగులో పచ్చ అన్న మాట రెండింటికీ చెల్లుతుంది గాని ఇంగ్లీషులో చెల్లదు.) ఆ కాలపు ఫోటోలు నలుపు తెలుపులవి. బ్రిటన్ జాతీయ రైల్వే మ్యూజియం సేకరణలోని 1882 నాటి గ్లాడ్‌స్టోన్ ఇంజనుకు కూడా ఆ రంగు 1927లో మరల వేసినదే. కనుక వేర్వేరు కంపెనీల నమూనాలలో ఈ పసుపు ఒకే ఛాయలో లేకపోవడంలో వింత లేదు.